దించిన ముఖాలు

నా చిన్నప్పుడు మా వీధిలో పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ వినపడే మాట 'దించడం'. మా నాన్న హార్బర్లో ఓడల్లోంచి సరుకు దించేవాడు. వీధి చివర పూర్ణా మార్కెట్‌కి వచ్చే బళ్ల మీంచి కూలీలు బస్తాలు దించేవారు. మా అమ్మ పొయ్యి మీంచి అన్నం దించేది. ఎవరి రూపమైనా ఉన్నదున్నట్టు గీస్తే దాన్నీ బొమ్మ దించడం అనేవారు. ఇంకొక దించడం కూడా ఉంది, దాన్ని గట్టిగా అనరు. ప్రాణం పోయే మనిషిని మంచం మీద ఉంచకూడదని కింద చాప మీదకి చేరుస్తారు. ఫలానా ఇంట్లో ముసలాయన్ని దించేశారట అని తెలిస్తే, వండుకున్నది నాలుగు మెతుకులు తినేసి బయల్దేరాలని అర్థం. ఒకే మాటకి ఇన్ని పనులున్నాయని మేమెవ్వరమూ ఎప్పుడూ ఆలోచించలేదు. నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు ఆ మాట వచ్చి మా ఇంటి మీదే కూర్చుంది.

మాది సబ్బవరం వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాన్నకి హార్బర్లో పని దొరికాక అమ్మనీ నన్నూ తీసుకుని హార్బరు దగ్గరే పాతపట్నంలో ఒక సందులోకి అద్దెకు వచ్చాడు. రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి గోడకి ఒరగాల్సినంత ఇరుకు సందు అది. మాలా పల్లెల నుంచి వచ్చినవాళ్లు సగం మంది ఉంటే, ఎన్నో తరాలుగా అక్కడే ఉంటున్న ముస్లిం కుటుంబాలు సగం. తాళాలు బాగుచేసేవారు, బట్టలు కుట్టేవారు, మార్కెట్లో కొట్లున్నవారు. సరిగ్గా మా ఎదురింట్లో పెయింటర్ తాత ఉండేవాడు. షాపుల బోర్డులు, కొత్త పడవల మీద పేర్లు రాయడం ఆయన పని. ఆయన భార్యని వీధంతా దాదీ అనేవాళ్లం. గుమ్మానికి ఆకుపచ్చ పరదా కట్టి ఉండేది. దాని వెనకనుంచే ఆవిడ వీధితో మాట్లాడేది.

బళ్లో శనివారం మధ్యాహ్నం డ్రాయింగు క్లాసు. అప్పటిదాకా డ్రాయింగంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఓ కొబ్బరిచెట్టు. ఆ ఏడు కొత్తగా వచ్చిన టీచరమ్మ అదంతా చెరిపించేసింది. మొదట బెండకాయలు కోసి రంగులో ముంచి ముద్రలు వేయించింది. తరవాత బంకమట్టితో చేప చేయించింది. నేను చేసిన చేపకి కన్ను పెద్దదైపోయి, అది మమ్మల్నందర్నీ అనుమానంగా చూస్తున్నట్టు ఉండేది. ఆ తరవాత పాత కేలండరు ముక్కలు అతికించి రేవు తయారుచేశాం. నేను పెద్దయ్యాక డ్రాయింగు టీచరుగానే బతికాను కాబట్టి వాటిని ఇప్పుడు ఇంకెవరో పిల్ల చేసినవాటిలా చూడగలను. బెండకాయ ముద్రల్లో నా తొందర కనపడుతుంది. ఆ రేవులో ఓడ మరీ పెద్దది, మా నాన్న పనిచేసే ఓడ కదా, గొప్పలు పోయాను. ముఖాలు గీయడం మొదలుపెట్టాక మాత్రం ఆ కాగితాల్లో నేను ఎక్కడా లేను, ఎదుట కూర్చున్న మనిషే ఉన్నాడు.

ఆ ముఖాల పనికి టీచరమ్మ 'మా వీధి మనుషులు' అని పేరు పెట్టింది. ఒక్కొక్కరం మా వీధిలోవాళ్లని కొందరిని గీసి తేవాలి. కాగితానికి పాత కేలండరు వెనక వైపు, రంగుకి ఇస్త్రీ బండివాడి దగ్గర మిగిలిన బొగ్గు. ఆవిడ చెప్పింది ఒకటే, మీకు తెలిసింది గీయొద్దు, మీకు కనపడింది గీయండి. మిగతా పిల్లలు ఆ మాట విని బుర్ర గోక్కున్నారు. నాకు మాత్రం ఎవరో తలుపు తీసినట్టయింది. ఎందుకంటే నేను అంతకుముందు నుంచీ మనుషుల్ని గుచ్చిగుచ్చి చూసేదాన్ని. అలా చూడకూడదని అమ్మ చేత మొట్టికాయలు కూడా తినేదాన్ని.

మొదట మా పక్కింటి మామ్మని గీశాను. ఆవిడ ఎప్పుడూ అరుగు మీదే కాళ్లు చాపుకుని కూర్చునేది కాబట్టి కదలొద్దని చెప్పే గొడవ లేదు. ఉబ్బిన పాదాలు, వాటిలోకి దిగిపోయిన పట్టీలు, బరువుగా వాలిన కనురెప్పలు, అన్నీ వచ్చాయి. కాగితం చూసి కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి మూగారు. "ఓలమ్మో, మామ్మని దింపీసిందే ఈ గుంట!" అని మా వెనకింటి అత్త నా బుగ్గ గిల్లింది. ఆ మెప్పుకి నేను రెండ్రోజులు నేల మీద నడవలేదు. వారం తిరక్కుండానే మామ్మకి ఆయాసం వచ్చింది. మంచం మీంచి దించారు, తెల్లారేసరికి పోయింది. పెద్దావిడ, జబ్బు మనిషి. ఏడ్చినవాళ్లు ఏడ్చారు, నా బొమ్మ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

రెండో బొమ్మ ఐసు మామది. చేపల రేవుకి తోపుడు బండి మీద ఐసు దిమ్మలు తోలేవాడు. పొద్దుటి పని అయ్యాక మా సందు మొదట్లో టీ కొట్టు బల్ల మీద కూర్చుని అందర్నీ ఆటపట్టించేవాడు. నన్ను చూస్తే, "ఏటే కలెక్టరమ్మా, నన్నెప్పుడు దించుతావు?" అనేవాడు. అడిగాడు కదా అని దించాను. బండి పక్కన బల్ల మీద, ఒక చెయ్యి టీ గ్లాసు మీద, ఇంకో చెయ్యి ఛాతీకి ఎడమ పక్క. నవ్వు కూడా బాగానే వచ్చింది. ఆ బొమ్మ బళ్లో గోడకి అంటించిన నాలుగో నాడో ఐదో నాడో, రేవులో బండి తోస్తూ తోస్తూ కూలబడిపోయాడు. ఐసు ఇంకా కరగనేలేదట, మనిషి మాత్రం అయిపోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు ఆయనకి.

ఆ మర్నాడు కుళాయి దగ్గర ఆ మాట పుట్టింది. అన్నది మా వెనకింటి అత్తే, నా బుగ్గ గిల్లినావిడే. నేను బిందె పట్టుకుని వరసలో ఉండగానే అంది. "ఈ గుంట దించిందంటే ఆళ్లని కింద దింపీడవే." ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆవిడ కూడా సరదాకే అని ఉంటుంది, ఆవిడకి నామీద పగేముంది. కానీ మాట నోట్లోంచి వచ్చాక అక్కడున్న అందరి ముఖాలూ ఒకేలా అయిపోయాయి. ఇన్నాళ్లూ వేరువేరుగా ఉన్న రెండు దించడాలు వాళ్ల కళ్లముందే ఒకటైపోయాయి. నా బిందె నిండి నీళ్లు కాళ్ల మీద పడుతున్నా నేను కుళాయి కట్టేయలేదు.

తరవాత రోజుల్లో వీధి మారిపోయింది. పెద్ద గొడవేమీ జరగలేదు, అదే ఎక్కువ భయంగా ఉండేది. నేను వెళ్తుంటే చంటిపిల్లలున్న తల్లులు పైటకొంగు పిల్లల ముఖం మీదకి లాగేవారు. టీ కొట్టు దగ్గర మాటలు ఆగేవి, నేను దాటాక మళ్లీ మొదలయ్యేవి. నాతో తొక్కుడుబిళ్ల ఆడే పిల్ల అటువైపు తిరిగి నిలబడి ఆడటం మొదలుపెట్టింది. బళ్లో టీచరమ్మ నన్ను పక్కకి పిలిచి, కొన్నాళ్లు కుండలు, గిన్నెలు గీసుకోమంది. ఆవిడ చదువుకున్న మనిషి, ఇలాంటివి నమ్మదు. అయినా ఆ మాట చెప్తున్నంతసేపూ నా కళ్లలోకి చూడలేదు. చెయ్యి నాది, అది చేస్తున్న పని నాకు తెలియడం లేదేమో అని నాకే అనుమానం పట్టుకుంది. అన్నం కలుపుతూ కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకునేదాన్ని.

వీధికి తెలియనిది ఒకటి నాకు తెలుసు. మూడో బొమ్మ కూడా అయిపోయింది. ఐసు మామ పోకముందే, ఒక సాయంత్రం మా నాన్న పనినుంచి వచ్చి అన్నం తింటుంటే ఆయన్ని దించేశాను. ఆ కాగితం నా పుస్తకాల కింద ఉంది. కుళాయి దగ్గర మాట విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. చివరికి ఉండబట్టలేక అమ్మకి చూపించాను. అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. గోడకి జారగిలబడి, "ఎంత పని సేసావే తల్లీ. ఇప్పుడు నానేటి సేసేది?" అంది.

ఏం చెయ్యాలో నిజంగానే ఆవిడకి తెలియలేదు. ఆ కాగితాన్ని పొయ్యిలో పెడదామంటే బతికున్న మనిషి రూపాన్ని కాల్చడం ఎలా? సముద్రంలో కలుపుదామంటే, అది పోయినవాళ్లకి చేసేది. చింపితే ఎక్కడ చింపాలి, మెడ దగ్గరా, నడుం దగ్గరా? దాన్ని ఇంట్లో ఉంచుకోలేకపోయింది, బయట పడెయ్యలేకపోయింది. చివరికి దానికో కొత్త గుడ్డ చుట్టి, వంటింటి మూల సన్నికల్లు కింద పెట్టింది. అది అక్కడ కదలకుండా ఉంటే ఏమీ జరగదని ఆవిడ ధైర్యం. ఆ తరవాత మా ఇంట్లో పచ్చడి నూరడం మానేశాం. ఏ వంట చేస్తున్నా అమ్మ కళ్లు ఒక్కసారి ఆ మూలకి వెళ్లొచ్చేవి.

ఆడవాళ్ల భయం ఆడవాళ్ల దగ్గరే ఉంటే ఎలాగో సర్దుకునేదేమో. అమ్మ తన చెల్లెలికి చెప్పుకుంది, ఆవిడ ఇంకెవరికో చెప్పింది, అలా అలా అది హార్బరుకి చేరింది. మా నాన్న పని ఓడ అడుగున. పైనుంచి క్రేను కొక్కెం దిగుతుంది, కిందున్నవాళ్లు సరుకుకి తాళ్లు బిగిస్తారు, అది తల మీంచి పైకి వెళ్తుంది. ఆ పనిలో పక్కవాడి మీద నమ్మకం తప్ప ఇంకో అండ లేదు. ఎన్నో ఏళ్లుగా నాన్నతో కలిసి పనిచేసిన మేస్త్రీ ఒకరోజు మా గుమ్మం దగ్గరకి వచ్చి లోపలికి రాకుండానే నిలబడ్డాడు. "బావా, ఏటీ అనుకోకు. మా గేంగులో కుర్రోళ్లు బయపడతన్నారు. నువ్వుంటే కొక్కెం కిందకి రామంటన్నారు. కొన్నాళ్లు ఇంటికాడ ఉండు" అన్నాడు. నాన్న నవ్వాడు. నవ్వి, సరేనన్నాడు.

నాన్న రెండు మూడు రోజులు ఇంట్లోనే ఉన్నాడు. మమ్మల్ని నవ్వించడానికి చూసేవాడు. ఒక మధ్యాహ్నం హార్బరు సైరను మోగినప్పుడు మంచం మీద పడుకున్న ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు. మా ఇంటి పైకప్పు వైపు, అక్కడేదో వేలాడుతున్నట్టు. నేను చూశానని గమనించి తల దించుకున్నాడు. ఆయనకీ ఆ భయం ఎక్కేసిందని నాకు అప్పుడే తెలిసింది. అంత భయంతో మళ్లీ ఆ కొక్కెం కిందకి వెళ్తే, నా బొమ్మ అక్కర్లేదు, ఆ బెదురు చూపే ఆయన్ని చంపుతుంది. వెళ్లకపోతే మేము సబ్బవరం తిరిగి వెళ్లిపోవాలి, అక్కడ మాకు మిగిలిన భూమి లేదు. అమ్మా నాన్నా ఆ మాటే గుసగుసగా మాట్లాడుకుంటుంటే విన్నాను. ఎటు తిరిగినా కారణం నేనే.

ఆ ఆదివారం పొద్దున్న పెయింటర్ తాత తన ఎత్తుపీట తెచ్చి సందు మధ్యలో వేసుకుని కూర్చున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, మెడ దాకా బొత్తాలు. సెలవు రోజు కాబట్టి మగవాళ్లందరూ ఇళ్ల దగ్గరే ఉన్నారు. టీ కొట్టు నిండుగా ఉంది, మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. కుళాయి దగ్గర ఎలాగూ ఆడవాళ్లు ఉంటారు. తాత మా గుమ్మం వైపు తిరిగి నన్ను పిలిచాడు. "బేటీ, కాయితం, బొగ్గూ పట్రా. నన్ను దించు."

ఆయన సంగతి తెలిసినవాళ్లకి ఆ మాట వింతగా తోచింది. తాత జీవితంలో ముఖం గీయలేదు. అక్షరాలు, పువ్వులు, పడవలు, చేపలదాకా సరే, మనిషి ముఖం పైవాడి పని అని వాళ్ల నాన్న చెప్పాడట. సినిమా బోర్డుల పని వచ్చినా వదులుకున్నాడు. ఎవరైనా ఫొటో తీస్తామన్నా తప్పుకునేవాడు. అలాంటివాడు నడివీధిలో కూర్చుని తన ముఖం గీయమంటున్నాడు. నేను రానని ఏడ్చాను. అమ్మ నన్ను వెనక్కి లాగింది. పరదా వెనకనుంచి దాదీ ఉర్దూలో ఏదో అడిగింది. ఆయన అటు తిరగకుండానే, "నా తప్పు సంగతి నానూ పైవాడూ మాటాడుకుంటాం. నువ్వు రా బేటీ" అన్నాడు. నాన్న నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు.

నేను మట్టి మీద కూర్చుని గీయడం మొదలుపెట్టాను. ఎక్కడో ఒక ఓడ కూత వేస్తే చుట్టూ ఉన్నవాళ్లందరూ కదిలారు. మొదట భయంతో గీతలు వంకర్లు పోయాయి. కాసేపటికి నా కళ్లు వాటి పనిలో అవి పడిపోయాయి. చెంపలు చూశాను. కణతలు చూశాను. గడ్డం కిందకి వచ్చి ఆగిపోయాను. చొక్కా కాలరుకి, మెడకి మధ్య ఎడం ఉంది. పై బొత్తాం పెట్టుకున్నా మూడు వేళ్లు దూర్చగలిగేంత ఎడం. అది కొత్త చొక్కా కాదు, పండక్కి పండక్కీ ఆయన మీద చూసిందే. అప్పుడు అది ఆయన మెడకి సరిగ్గా ఉండేది. మామ్మ పాదాలు గీస్తున్నప్పుడు లేని భయం వేసింది. ఎందుకంటే ఇప్పుడు నాకు కనపడుతున్నదేమిటో నాకు అర్థమవుతోంది.

నేను ఆ ఎడాన్ని బొగ్గుతో నింపేశాను. చెంపలు నిండుగా గీశాను. ముఖానికి కాస్త నవ్వు పెట్టాను. తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. ఆయన చూసి, కాగితాన్ని నా వైపే తిప్పి పట్టుకున్నాడు. "ఇదెవరే? నానెరగను ఈయన్ని. నీకు కనపడిందే దించు. నాకేటీ అవదు, నువ్వు దించినందుకు ఏటీ అవదు" అన్నాడు. రెండో కాగితం తీసుకుని, ఏడుస్తూనే ఉన్నదున్నట్టు గీశాను. లోపలికి పోయిన చెంపలు, మెడ చుట్టూ వదులుగా నిలబడ్డ కాలరు. ఆయన దాన్ని చాలాసేపు చూసుకున్నాడు. తన ముఖాన్ని అంతసేపు ఆయన ఎన్నడూ చూసి ఉండడు.

అప్పుడు లేచాడు. ముందే బడినుంచి అడిగి తెప్పించినట్టున్నాడు, మామ్మ బొమ్మా ఐసు మామ బొమ్మా ఆయన సంచిలో ఉన్నాయి. వాటిని తీసి టీ కొట్టు బల్ల మీద పరిచాడు. ఐసు మామ బొమ్మలో ఛాతీ మీదున్న చేతిని వేలితో చూపించి, ఇదేంటని అడిగాడు. టీ కొట్టాయన మెల్లగా, అవును, ఆయన ఎప్పుడూ అలాగే కూర్చునేవాడు, గేస్ అనేవాడు అన్నాడు. మామ్మ ఉబ్బిన పాదాలు చూపించాడు. "ఈ గుంట సూసింది. రోజూ మన మజ్జినే ఉన్నారు గదా, మనవెవరవేనా సూసామా? సూడ్డం వేరు, సెయ్యడం వేరు" అన్నాడు తాత.

తరవాత తన బొమ్మ పైకెత్తి పట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు. "నా కడుపులో పుండుంది. మానేది కాదని పెద్దాసుపత్రిలో డాక్టరు వర్షాలకి ముందే సెప్పీసాడు. అప్పటికీ గుంట మామ్మని దించనేలేదు, ఎవర్నీ దించలేదు. రేపు నాను పోతే ఈ పిల్ల దించిందని ఒక్కళ్లు అన్నా అది అబద్దవే. ఇనుకున్నారా?" మేస్త్రీ చేతిలో టీ అలాగే ఉండిపోయింది. వెనకింటి అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పరదా వైపు చూశాను. దాని అంచు పట్టుకుని ఒక చెయ్యి బయటికి ఉంది. గాజులు కదలడం లేదు. ఆ చెయ్యి అలా కాసేపు ఉండి, లోపలికి వెళ్లిపోయింది. దాదీకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వీధితో పాటే విన్నది.

ఆయన ఎందుకు దాచాడో తరవాత పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే తెలిసింది. కొత్త పడవ మీద పేరు రాసేవాడు ఆరోగ్యంగా ఉండాలని పడవల వాళ్ల పట్టింపు. చావు దగ్గరపడ్డవాడి చేత పేరు రాయిస్తే పడవకి కీడు. ఆయన ఆ పని మీదే బతుకుతున్నాడు. ఆ ఆదివారం తరవాత ఏ పడవవాడూ ఆ గుమ్మం తొక్కలేదు. అది ఆయనకి ముందే తెలుసు.

మా నాన్న ఆ సాయంత్రం సన్నికల్లు ఎత్తి గుడ్డ విప్పాడు. దీపం దగ్గర పెట్టుకుని మేం ముగ్గురం ఆ బొమ్మని చూశాం. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంటున్న మనిషి, బలమైన మెడ, చెవి పక్కన అంటుకున్న ఒక మెతుకు. ఎంత వెతికినా ఇంకేమీ లేదు. "ఏటే, ఇన్నాళ్లూ నామీద బండెట్టీసినావా? అందుకే ఊపిరాడనేదు" అని నాన్న అమ్మని ఏడిపించాడు. అమ్మ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ భోరుమంది. మర్నాడు పొద్దున్న మేస్త్రీ మా గుమ్మం దాటి లోపలికి వచ్చి, టైమవుతోంది, రమ్మన్నాడు. నాన్న ఆ తరవాత చాలా ఏళ్లు ఆ కొక్కెం కింద పనిచేసి, చక్కగా రిటైరయ్యాడు.

పెయింటర్ తాత ఆ చలికాలం దాటలేదు. పనిలేని ఆ రోజుల్లో అరుగు మీద కూర్చుని నా చేత కుంచెతో అక్షరాలు దిద్దించాడు. నాకు ముఖాలంటే మళ్లీ భయం రాకుండా, రోజూ పొద్దున్న మా గుమ్మం ముందుకు వచ్చి ఒకసారి దగ్గి, ఉన్నానని తెలియజెప్పి వెళ్లేవాడు. ఆ దగ్గు వినపడని పొద్దు ఒకటి వచ్చింది. ఆయన్ని తీసుకెళ్తున్నప్పుడు మా నాన్నా ఒక పక్క భుజం పట్టాడు. వీధిలో ఒక్కరు కూడా ఆ పాత మాట అనలేదు. వెనకింటి అత్త నన్ను దగ్గరకి లాక్కుని నిలబడింది.

చాలా రోజుల తరవాత, అమ్మ పంపితే, నేను ఆ బొమ్మ పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. నమాజు చేసుకునే ఇంట్లో ముఖం గోడకి పెట్టరని నాకు తెలుసు, అయినా అది ఆవిడదే అనిపించింది. దాదీ పరదా తీసి నన్ను లోపల కూర్చోబెట్టింది. కాగితం ఒళ్లో పెట్టుకుని, వేలు పెట్టీ పెట్టకుండా ఆ కాలరు మీద ఆనించింది. నన్ను తిడుతుందేమో అనుకున్నాను, ఏడుస్తుందేమో అనుకున్నాను. నిజంగానే తెలుసుకోవాలనుకునేవాళ్లలా నన్ను అడిగింది. "పెళ్లయిన కాణ్నించీ ఈ సొక్కాలు నానే ఉతికాను, నానే ఇస్త్రీ సేసాను. బొత్తాలు నానే కుట్టాను. నువ్వు ఒక్కపూట కూకుని సూసావు. నీకు కనపడింది. నాకెందుకు కనపడలేదే బేటీ?"

కాగితం ఆవిడ ఒళ్లోనే వదిలేసి ఇంటికి పరిగెత్తుకు వచ్చేశాను. తాత నాకు ఇచ్చింది మర్చిపోలేదు. ఆయన లేకపోతే నా చెయ్యి ఆ ఏడే చచ్చిపోయేది, మా నాన్న ఏమయ్యేవాడో ఊహించలేను. కానీ ఆ మంచితనం వల్ల తగిలిన దెబ్బ ఆయన ఒక్కడికే తగల్లేదు. భర్త బతకడన్న కబురు ఆ మనిషి నలుగురితో పాటు వీధిలో వినాల్సి వచ్చింది. ఎన్నో ముఖాలు గీశాను, ఎందరో పిల్లలకి గీయడం నేర్పాను. దాదీ ముఖం మాత్రం గీయలేకపోయాను.

ఇప్పుడు నా చూపు మందగించింది, చేతిలో బొగ్గు నిలకడగా ఉండదు. ఒక్క అలవాటు మాత్రం పోలేదు. పొద్దున్నే మా ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ కాఫీ కోసం వస్తారు. గీయబోతున్నదానిలా వాళ్లని నిలబెట్టి చూస్తాను. కళ్ల కింద, కణతల దగ్గర, మెడ చుట్టూ. ఏటమ్మా ఆ చూపు, భయమేస్తోంది అని మా అబ్బాయి విసుక్కుంటాడు. మా ఆయన అయితే కాఫీ గ్లాసు అడ్డం పెట్టుకుంటారు. విసుక్కోనీ, దాక్కోనీ. ఆ గ్లాసు కిందకి దిగేదాకా నేను అక్కడే నిలబడతాను.